ఆరో పాటలో దగ్గు

హెడ్‌ఫోన్ల చెవిదిండ్లు రెండూ తడిగుడ్డతో తుడిచాక ఇసోబె కినుయో అట్టపెట్టె ముందు గొంతుక్కూర్చుని కత్తితో టేపు కోసింది. ‘ఎంతొత్సు’ వాద్యబృందం వాళ్ల కొత్త ఆల్బం. విడుదల బుధవారం, దుకాణానికి వచ్చేది మంగళవారం. అందుకని నిజమైన అభిమాని బుధవారం దాకా ఆగడు. ఇవాళ మంగళవారం, ఇంకో అరగంటలో తలుపులు తెరవాలి.

కినుయోకు యాభై ఎనిమిదేళ్లు. పొట్టి మనిషి. మెడలో కళ్లజోడు తాడు, ఎడమ మోకాలికి పట్టీ, కుడిచేతి నడిమివేలి పక్కన పెన్ను రాపిడికి కాచిన కాయ. జపానులో కొకురా స్టేషను పక్క భవనంలో నాలుగో అంతస్తులోని ఈ డిస్కుల దుకాణంలో చేరి ముప్పై అయిదేళ్లయింది. ఇన్నేళ్లలో ఆమె ఉద్యోగం ఒక్కసారి కూడా పర్మనెంటు కాలేదు, ఒక్కసారి కూడా పోలేదు. ఏటా మార్చిలో ఇంకో ఏడాదికి ఒప్పందం కాగితం వస్తుంది, తన పేరు ముద్ర వేసి ఇచ్చేస్తుంది. పెళ్లి కుదిరి తప్పిపోయింది. అమ్మ పోయాక ఇంట్లో మాట్లాడే మనిషి లేదు.

ఆమె మాటకు విలువ ఉన్న చోటు ఒక్కటే, అట్టముక్క. నచ్చిన డిస్కు గురించి దుకాణం వాళ్లు అరచెయ్యంత అట్ట మీద తమ చేతిరాతతో నాలుగు ముక్కలు రాసి, కింద పేరు పెట్టి, డిస్కు పక్కన నిలబెడతారు. కినుయో అట్ట చూసి కొనేవాళ్లు ఊళ్లో వందల మంది ఉన్నారు. అట్ట మీద చెడు రాయకూడదు. అది ఎవరూ చెప్పని నియమం. నోరు మంచిదైతే ఊరు మంచిదని సామెత. కినుయో ముప్పై అయిదేళ్లు నోరు మంచిగానే ఉంచుకుంది, ఊరూ మంచిగానే ఉంది. లోపల పేరుకున్న చేదు ఎక్కడికి పోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

అది ఒక ఆదివారం మధ్యాహ్నం బయటికొచ్చింది. ఆరు వారాల కిందట దుకాణాలకు మాత్రమే పంపే నమూనా డిస్కు వచ్చింది. అమ్మకానికి కాదని తెల్ల కవరు మీద ముద్ర. పందొమ్మిదేళ్ల తర్వాత ఎంతొత్సు. కినుయో దాన్ని ఇంటికి తీసుకెళ్లి, స్నానం చేసి, శుభ్రమైన బట్టలు కట్టుకుని విన్నది. తన పందొమ్మిదో ఏట ఉక్కు కర్మాగారం గోడ పక్కన, వర్షంలో, ఆ బృందం గాయకుడు అజిసాక పాడితే విన్న గొంతు కోసం విన్నది. ఆ గొంతు లేదు. గరగరలాడే ముసలి గొంతు ఉంది. ఆరో పాటలో ఆఖరి చరణానికి ముందు ఆయన దగ్గాడు. చిన్న దగ్గు కాదు, ఛాతీ అడుగునుంచి వచ్చింది. దగ్గి, ఊపిరి తీసుకుని, పాడాడు.

ఆమెకు ఒళ్లు మండింది. మోసపోయినట్టు అనిపించింది. అద్దంలో తన మెడ ముడతలు చూసుకున్నప్పుడు వచ్చే కోపం లాంటిదే అది, కాని ఆ సంగతి ఆమె అప్పుడు గమనించలేదు. ఇంటర్నెట్లో అభిమానులు కొట్టుకునే పేజీలో పేరు చోట ‘పాత టికెట్టు’ అని పెట్టి రాసింది: “ఆరో పాటలో దగ్గు వినండి. రోగిని మంచం మీంచి లేపి మైకు ముందు నిలబెట్టారు. ఆయనకు సిగ్గు లేకపోతే మనకైనా ఉండాలి.”

మర్నాడు దుకాణానికి వచ్చి అట్ట రాసింది: “పందొమ్మిదేళ్లు ఆగాం. వృథా కాలేదు. ఈ గొంతులో మన వయసు వినిపిస్తుంది. — సిబ్బంది ఇసోబె.” అక్షరాలు ఎంతో అందంగా వచ్చాయి.

పేజీలోని మాటను పద్నాలుగు వందల మంది మెచ్చుకున్నారు. ఆమెకు భయం వేసి తీసేసింది. కాని అప్పటికే దాన్ని బొమ్మగా తీసి ఊరంతా తిప్పారు. నోరు జారిన మాటను ఎవరు వెనక్కి తీసుకోగలరు?

ఇప్పుడు పెట్టెలోంచి అసలు డిస్కు ఒకటి తీసి, వచ్చినవాళ్లు విని చూసుకునే యంత్రంలో పెట్టింది. సరిగ్గా పలుకుతుందో లేదో చూడటం ఆమె పనే. హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆరో పాట నొక్కింది. ఆఖరి చరణం దగ్గరికి రాగానే భుజాలు బిగించుకుంది.

దగ్గు రాలేదు. వెనక్కి తిప్పి మళ్లీ విన్నది. దగ్గు తీసేయడం కాదు, ఆ పాటే వేరు. మొదటినుంచి మళ్లీ పాడారు. గొంతు జాగ్రత్తగా ఉంది, గాజుగ్లాసులు మోసుకెళ్లేవాడి నడకలా. ఎక్కడా తప్పు లేదు, ఎక్కడా మనిషి లేడు.

కినుయో హెడ్‌ఫోన్లు తీసి యంత్రం మీద పెట్టింది. చదివాడు. అజిసాక ఆ మాట చదివాడు.

తలుపులు తెరిచారు. ముందుగా వచ్చింది టాక్సీ నడిపే తొకుమరు. అరవై దాటినా ఇంకా జుట్టు భుజాల దాకా పెంచుతాడు, పైన మాత్రం ఏమీ లేదు. ఆ వెనకే తాంగా బజారులో చేపవడలు వేయించి అమ్మే ఉరుషిహార నోబుకో. చేతులకు నూనె వాసన పోదని ఎప్పుడూ డిస్కులను రుమాలుతో పట్టుకుంటుంది. ఇద్దరూ నలభై ఏళ్లనుంచి ఒకే వాద్యబృందాన్ని ప్రేమిస్తూ, ఒకరినొకరు తిట్టుకుంటూ వస్తున్నారు. వంతులవారీగా హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నారు.

“ఏవుంది ఇందులో?” అంది నోబుకో. “కడిగేసిన పళ్లెంలా ఉంది. మా అజిసాక ఇలా పాడతాడా? బడిపిల్లాడు పాఠం అప్పజెప్పినట్టుంది.”

“నీ చెవుల్లో నూనె పోసుకున్నావా ఏంటి?” తొకుమరు కళ్లు తుడుచుకుంటున్నాడు. “అరవై ఆరేళ్లకి పాడటమే గొప్ప. నువ్వు అరవయ్యో ఏట ఒక్క మెట్టు ఎక్కి చూపించు, లిఫ్టులో వచ్చావ్ గదా ఇప్పుడు!”

“నీ నెత్తిమీద జుట్టూ అంతే. ఉందని నువ్వొక్కడివే అనుకుంటావ్.”

“సరే, ఆ రాక్షసి పీనుగ రాసినట్టు మంచం మీంచి లేపారంటావా నువ్వు కూడా?”

“ఆ మాట నేననలేదు.” నోబుకో ముఖం మారిపోయింది. “అది రాసినవాడు దొరికితే వాడి నాలిక పెనం మీద వేయిస్తా. నచ్చలేదంటే నచ్చలేదను. సిగ్గులేదంటాడా? ఆయన్నా?” ఇటు తిరిగింది. “ఇసోబె, నువ్వు చెప్పు. వాడికసలు డిస్కు రాకముందే దగ్గు సంగతెలా తెలిసింది? ఇందులో దగ్గే లేదు గదా!”

కినుయో తేలు కుట్టిన దొంగలా నిలబడింది. “ఎవరో... పుకారు పుట్టించి ఉంటారు” అంది. ఆ గొంతు ఆమెకే పరాయిగా వినిపించింది.

“మా ఇసోబె అట్ట చూడు,” అన్నాడు తొకుమరు, ఆమె రాత మీద వేలు పెట్టి. “ఈ గొంతులో మన వయసు. అదీ మాటంటే! ఈవిడ చెప్పాక ఇంక ఎవడు చెప్పాలి?” రెండు డిస్కులు కొన్నాడు. నచ్చలేదన్న నోబుకో మూడు కొంది.

మధ్యాహ్నం దాకా అలాగే సాగింది. బావుందన్నవాళ్లు బావుందన్నారు, చప్పగా ఉందన్నవాళ్లు చప్పగా ఉందన్నారు. ఎవరు ఏమన్నా చివరికి అట్ట దగ్గర ఆగి తల ఊపి వెళ్లారు. ప్రతి తల ఊపుకీ కినుయో మెడ కాస్త కిందికి దిగింది. తెచ్చుకున్న అన్నం ముద్ద సామాన్ల గదిలో విప్పి, మళ్లీ చుట్టేసింది.

రెండింటికి మేనేజరు ఒగుషి పరుగున వచ్చాడు. ఆమెకన్నా ఇరవై అయిదేళ్లు చిన్నవాడు. “ఇసోబె గారూ! హొరికావ గారొచ్చారు! కొత్త డిస్కు విడుదలకి దుకాణాల వాళ్లని పలకరించి పోడానికి! మీరెక్కడున్నారని అడుగుతున్నారు!”

ఎంతొత్సులో డ్రమ్ములు వాయించే హొరికావ ముసలాడైపోయాడు. పెద్ద భుజాలు, వంగిన నడుము, చేతిలో బట్టసంచీ. కినుయోను చూసి నడుము ఇంకా వంచాడు. ఆమె కంగారుగా అంతకన్నా కిందికి వంగింది.

“మీరేనామ్మా ఇసోబె గారంటే? మీ మేనేజరు గారు మీ అట్ట ఫొటో కంపెనీకి పంపారు. వాళ్లు అజిసాకకి చూపించారు. ఆసుపత్రిలో మంచం పక్క గోడకి అంటించుకున్నాడు.”

“ఆసుపత్రా?”

“ఫుకువోకలో. ఊపిరితిత్తులు. ఎవరికీ చెప్పొద్దన్నాడు, మీకు చెప్తే పర్లేదన్నాడు.” సంచీలోంచి చేతిరుమాలంత తెల్లటి చదరపు పలక తీశాడు. కళాకారులు సంతకం చేసి ఇచ్చే అట్టపలక. “మీకోసం రాశాడు. జవాబు పట్టుకురమ్మన్నాడు. నేనడిగితే నా మాట నమ్మడు, నేను స్నేహితుణ్ణి కదా. ‘ఆవిడ చెప్తే నమ్ముతా’ అన్నాడు.”

పలక మీద నీలం సిరాలో, వణికిన పెద్ద అక్షరాలు. ఇసోబె గారికి. ఆ కింద ఒక ప్రశ్న. ఆరో పాట ఇప్పుడు సరిగ్గా వచ్చిందా?

“అదొక్కటీ మళ్లీ పాడాడు,” అన్నాడు హొరికావ. “ఎవరో ఏదో రాశారులెండి. నమూనా వెళ్లింది దుకాణాల వాళ్లకే గనక మనవాళ్లలోనే ఎవరో. కంపెనీ వాళ్లు కనుక్కుంటామన్నారు. అజిసాకే వద్దన్నాడు. ‘నిజమే గదా, దగ్గాను గదా’ అన్నాడు. ఆసుపత్రి నుంచి కారులో వచ్చి, కుర్చీలో కూచుని, పదకొండుసార్లు పాడాడు. చూళ్లేకపోయాం. సరే, ఏం చెప్పమంటారు?”

కినుయో నోరు తెరిచింది. నిజం నాలిక మీదికి వచ్చింది. ముందుదే బావుంది, దగ్గుతో ఉన్నదే బావుంది, అందులో మీరున్నారు, ఆ మాట రాసిన పాపిష్టిదాన్ని నేను. ఒగుషి పక్కనే నవ్వుతూ నిలబడ్డాడు. తొకుమరు మళ్లీ వచ్చి దూరంనుంచి నోరెళ్లబెట్టి చూస్తున్నాడు. హొరికావ అరిగిపోయిన రెండు చేతులూ ముందు కట్టుకుని ఎదురు చూస్తున్నాడు.

“చాలా బాగా వచ్చింది,” అంది కినుయో. “అన్నిట్లోకీ అదే బాగుంది.”

ముప్పై అయిదేళ్ల అలవాటు ఒక్క పొల్లు కూడా తడబడలేదు.

హొరికావ లిఫ్టు దగ్గరికి వెళ్లి ఫోను చేసి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. “వాళ్లావిడ చెవి దగ్గర పెట్టింది. ‘అలాగా’ అన్నాడు. మళ్లీ ఒకసారి ‘అలాగా’ అన్నాడు. చాలమ్మా. వేరే వాళ్లయితే నమ్మేవాడు కాడు.” గోడ మీది కాగితాల మీద సంతకాలు పెట్టాడు, టీ తాగాడు, తొకుమరు చొక్కా వీపు మీద కూడా సంతకం పెట్టాడు.

మూడుంపావుకి ఫోను మోగింది. హొరికావ విన్నాడు. “ఆఁ... ఆఁ... వస్తున్నా” అన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని, మేనేజరుకి తల వంచి, “మా వాడు పోయాట్ట. నిద్రలోనే” అని, సంచీ భుజాన వేసుకున్నాడు. రైలు ఎన్నింటికో వాళ్లనీ వీళ్లనీ అడిగాడు. తొకుమరు కిందికి పరిగెత్తాడు, టాక్సీ తీయడానికి.

కినుయో హొరికావను లిఫ్టు దగ్గర అందుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినా మాట ఆగలేదు.

“అది రాసింది నేను. దగ్గు గురించి... ఆ మాట నాది. ఇందాక చెప్పింది అబద్ధం. ముందు పాడిందే బావుంది. క్షమించండి.” నడుము నేలకు సమానంగా వంచింది. నేల మీద గచ్చు పలకల మధ్య గీతలు కనిపించాయి.

లిఫ్టు వచ్చి, తలుపు తెరుచుకుని, మూసుకుని, వెళ్లిపోయింది.

“నాకెందుకు చెప్పావిది?” అన్నాడు హొరికావ. అరవలేదు. “వాడు నమ్మి పోయాడు. వాడికి చెప్పలేక నాకు చెప్పావు. ఇప్పుడు నీ బరువు నువ్వు దింపుకున్నావు. నేనది పట్టుకుని వాడి ముందు కూచోవాలి రాత్రంతా.” మళ్లీ మీట నొక్కాడు. “వాళ్లావిడకి మాత్రం చెప్పకు. చెప్తే బాగుండదు.”

లిఫ్టు వచ్చింది. లోపలికి వెళ్లి, తలుపుకేసి తిరిగి, అలవాటు కొద్దీ తల వంచబోయి ఆగాడు. తలుపు మూసుకుంది.

ఆమె తిరిగి వచ్చేసరికి వార్త ఊళ్లోకి పాకింది. మెట్ల మీద నోబుకో వస్తోంది, అంగీ మీద పిండి మరకలతో, ఆయాసపడుతూ, నిజంగానే మెట్లెక్కి. వెనక ఇంకా చాలామంది. చప్పగా ఉందన్నవాళ్లే ముందున్నారు. ఎవరో హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆరో పాట వింటూ, “ఎంత శుభ్రంగా పాడాడ్రా పోయేముందు” అని ఏడుస్తున్నాడు. కినుయోకు అతని నోరు మూయాలనిపించింది. ఆ తర్వాత తన నోరు గుర్తొచ్చి తల దించుకుంది.

“ఇసోబె గారూ,” అన్నాడు ఒగుషి ఎర్రబడ్డ కళ్లతో. “నివాళి అట్ట మీరే రాయాలి. మీరు తప్ప ఇంకెవరూ రాయలేరు.”

ఆమె బల్ల ముందు కూర్చుంది. నల్ల అంచు గీసింది. అంచు లోపల ఒక్క అక్షరం రాలేదు. మంచి మాట రాస్తే అబద్ధం, చెడు మాట ఇదివరకే రాసింది. అయిదింటికి పెన్ను మూత పెట్టి, మోకాలి పట్టీ సర్దుకుని, ఒంట్లో బాగాలేదని ఒగుషికి చెప్పి, జనంలోంచి ఎవరి ముఖమూ చూడకుండా మెట్లు దిగింది. మార్చిలో కాగితం వచ్చినప్పుడు దాని మీద ముద్ర వేయలేదు.

ఒగుషి అజిసాక పోయిన సాయంత్రమే ఆ పలకను గాజుపెట్టెలో పెట్టి, గల్లా పైన, వచ్చినవాళ్లందరికీ ముందు కనిపించేలా తగిలించాడు. ఆరో పాట ఇప్పుడు సరిగ్గా వచ్చిందా అన్న వణికిన నీలం అక్షరాలు, వాటి కింద జవాబు కోసం అజిసాక వదిలిన నాలుగు వేళ్ల తెల్లటి జాగా.