అప్ప చిగుళ్లు

వరహాలప్ప పొందూరులో మేం నూలు వడికే సావిట్లోనే కూర్చుని ఉంది, కానీ సావిడికి గోడలు లేవు, గోడలుండాల్సిన చోట ఆసుపత్రి వరండాలోని బెంచీలున్నాయి, నేలంతా మోకాలి లోతు పత్తి, నేను ఎంత నడిచినా ఆమె దగ్గరకు చేరలేకపోతున్నాను. అప్ప నాకు తోడబుట్టిన అక్క, నాకంటే ఆరేళ్లు పెద్దది, పోయి ఏడు నెలలైంది. అదేమీ పట్టనట్టు వాలుగ చేప దవడ ఎముక చేత్తో పట్టుకుని, దాని సన్నని పళ్లతో పత్తి దువ్వుతోంది, మా ఊళ్లో ఆడవాళ్లం పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి చేస్తున్న పనే అది.

"అప్పా, నీతో మాటాడాల" అంటాను.

"మాటాడు, ఎవులొద్దన్నారు? సేతులు కాళీగా ఎందుకు, కూకుని దువ్వు."

కూర్చుంటాను. ఎప్పుడు దగ్గరకు చేరానో నాకే తెలియదు. అప్పకు ఆహారనాళంలో క్యాన్సర్ అని తేలాక డాక్టరమ్మ నోరు తెరిపించి చూసి, చిగుళ్లు ఎన్నేళ్లుగా ఇలా ఉన్నాయని అడిగింది; చిగుళ్ల జబ్బు ముదిరినవాళ్లలో కొన్ని రకాల క్యాన్సర్లు కాస్త ఎక్కువగా కనిపిస్తున్నాయని, అయితే ఈమెకు దానివల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరని అంది. ఎన్నేళ్లుగానో నాకు తెలుసు. తొమ్మిదేళ్లు. రక్తం వచ్చినప్పుడల్లా వేడి చేసిందని మజ్జిగ పోసింది నేను, పళ్ల డాక్టరు దగ్గరకు బయల్దేరిన మనిషిని, పన్ను పీకితే చూపు పోతుంది, సన్న నూలు ఇంకేం కనిపిస్తుందని ఆపేసింది కూడా నేనే.

"నీ కళ్ల కోసమే అన్నాను అప్పా."

"నా కళ్ల కోసమా, నా నూలు కోసమా?" అప్ప నవ్వుతుంది. "నువ్ వడికితే అంతా లావు నూలే గదే. నా నూలే గద ఇద్దరికీ గంజి పోసింది."

నిజమే, నిజం కనుకే ఏడుపు ఆగదు, నా ఏడుపుకు పత్తి తడిసి బరువెక్కుతుంది, బెంచీలు ఒక్కొక్కటే మునిగిపోతున్నాయి, అప్ప నడుము దాకా దిగిపోయి కూడా చేతులు ఆపదు, నేను ఆమె రెక్క పట్టుకుని గుంజుతూ అరుస్తున్నాను, "నా మాట వల్లేనా? అవునని సెప్పు, కాదని సెప్పు, ఏదో ఒకటి సెప్పేసి పో!"

"నాకేటి తెల్సే? సచ్చినోళ్లకి అన్నీ తెలిసిపోతాయనుకుంతన్నావేటి? ఆ డాకటరమ్మే తెలీదంది."

"మరి ఎవుల్నడగను?"

"ఎవుల్నీ అడక్కు. నోరు తెరు."

తెరవను. అప్ప వేలు నా పెదవుల దాకా వస్తుంది, పళ్లు గట్టిగా బిగబడతాను. కింది పళ్లు రెండు కదులుతున్నాయని నేను ఎవరికీ చెప్పలేదు.

"ఒలే మొండిదానా, ఎల్లి సూపించుకో" అనే గొంతు పత్తి అడుగునుంచి వస్తుంది, తర్వాత అదీ రాదు, రెండు చేతులా తోడుతున్నాను, ఎంత తోడినా పత్తే.

మధ్యాహ్నం కునుకులోంచి మెలకువ వచ్చేసరికి దువ్విన పత్తి మీదే చెంప ఆనించి పడి ఉన్నాను. ఆ తెల్లదనం మీద కందిగింజంత ఎర్రటి మరక. నా కూతురు సుభాషిణి వంగి చూసింది.

"వేడి సేసినట్టుందమ్మా, మజ్జిగ తెత్తానుండు."

"మజ్జిగొద్దు. పద, పళ్ల డాకటరు కాడికి ఎల్దాం" అన్నాను.

అనడమైతే అన్నాను గాని, లేచినదాన్ని గుమ్మం పట్టుకుని ఆగిపోయాను. పన్ను పీకేస్తారేమో, చూపు పోతుందేమోనని. అప్పను నూలు మీది ఆశతోనే ఆపానని ఈ ఏడు నెలలూ నన్ను నేను తిట్టుకున్నాను. ఆమె చూపు పోతుందని అప్పుడు నిజంగా భయపడ్డాను కూడా అని ఇప్పుడు తెలిసింది. నీ కళ్ల కోసం కూడానే అప్పా, అని చెప్పుకుందామంటే మనిషి లేదు.