కుడివైపు బుడంకాయలు

వీడియో గేములంటే నాకు ముందునుంచీ ఒళ్ళుమంట. ఒళ్ళొంచి పని చేసుకోగల మనిషి సోఫాలో కూలబడి, లేని కొండలెక్కి, లేని శత్రువుల్ని పొడిచి, ఆకలేసేసరికి మాత్రం ఉన్న వంటింట్లోకొచ్చి గిన్నెల మూతలెత్తడం నాకు గిట్టదు. ఏడో తరగతిలో బడి మానేసి పైపులు బిగించడానికి వెళ్ళినవాణ్ణి నేను. ఇన్నేళ్ళలో నాకు దొరికిన నిధులన్నీ జనం సింకుల్లో వదిలేసిన వెంట్రుకలే. అలాంటి నేను టీవీ ముందు కూర్చుని, ఆ బండరాయి వెనక్కి ఒక్కసారి వెళ్ళి చూడవే అని మా అక్కని బతిమాలతానని ఎవరన్నా అనుంటే వాడింటి కుళాయి కట్టేసి వచ్చేవాణ్ణి.

అక్క దర్జీ. వీధివైపు గది ఆమె కుట్టుగది, వెనకవి రెండూ మేముండే గదులు. బావ పోయాక పిల్లని ఆ మిషను మీదే పెంచింది. నాకూ ఒక పెళ్ళయింది, అది పెటాకులూ అయింది. ఓ సాయంత్రం పనిముట్ల సంచితో వచ్చి గుమ్మంలో నిలబడితే, కాళ్ళు తుడుచుకుని రారా అంది. అంతకుమించి ఏమీ అడగలేదు, ఇప్పటిదాకా కూడా.

కిందటేడు చలి మొదలవకముందే అక్కకి పక్షవాతం వచ్చింది. మాట పోలేదు. కాలు కొన్నాళ్ళకి దారిలో పడింది. కుడిచెయ్యే మొరాయించింది. వేళ్ళు కదలడం మొదలెట్టాయి గానీ వాటికి స్పర్శ లేదు. వేడి గ్లాసు పెట్టినా, మంచుముక్క పెట్టినా ఒకటే. దర్జీకి చేతివేళ్ళే కళ్ళు. బట్ట సూది కిందికి ఎంత జరిగిందో, మడత ఎక్కడ లావైందో వేలికి తెలియాలి. తెలియని వేలు సూది కిందికెళ్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

కసరత్తు చేయించే ఫిజియో అమ్మాయి రబ్బరు బంతి ఇచ్చి నొక్కమంది. అక్క రెండ్రోజులు నొక్కి, ఇదేం పనిరా కుక్కపిల్లలా అని పక్కన పడేసింది. అప్పుడు నా మేనకోడలు తన గేము పెట్టెని అటకమీంచి దింపింది. ల్యాబ్ పని నేర్చుకోడానికి దానికి వేరే ఊళ్ళో సీటొచ్చింది. అమ్మ చేతికి స్పర్శ వచ్చేదాకా కదిలేది లేదని భీష్మించుక్కూర్చుంది.

ఆ గేములో ఒక పిల్ల ఉంటుంది, వీపున కత్తి కట్టుకుని. ముందు పెద్ద లోకం. అడవులు, కొండలు, కూలిన కోటలు, ఎటు బుద్ధి పుడితే అటు నడవచ్చు. యుద్ధాలూ ఉన్నాయట, అక్క వాటి జోలికి పోదు. ఆమెకి కావలసినవల్లా లోకమంతా నక్కి కూర్చున్న చిన్న చిన్న జీవులు. గుప్పెడంత ఒళ్ళు, పెద్ద చెవులు, ఒక్కోదానికి ఒక్కో వేషం. రాయి కింద ఒకటి, పిట్టగూట్లో ఒకటి, పొగగొట్టంలో ఒకటి. పట్టుకుంటే కిచకిచ నవ్వి సంచిలో దూకుతాయి. వాటికి ఇంగ్లీషులో ఏదో పేరుంది. అక్క బుడంకాయలు అంది, అదే ఖాయమైంది.

చేతిలో పట్టుకునే రిమోటు ఉంది చూశారూ, దాన్ని రిమోటు అంటే మేనకోడలు తల కొట్టుకుంటుంది, అది దగ్గర్లో బుడంకాయ ఉంటే వణుకుతుంది. ఎడమపక్కనుంటే ఎడమ పిడి, కుడిపక్కనుంటే కుడి పిడి. చెవికి వినపడేంత కాదు, చేతికి తెలిసేంత. అందుకే అమ్మకి ఇది మంచి మందు అంది మేనకోడలు.

మందో మాకో గానీ అక్కకి పిచ్చి పట్టింది. పొద్దుగూకే వేళకి నేను పని నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని టీ తాగుతూ సణిగేవాణ్ణి. వీటివల్ల ఏంటి లాభం, కత్తికి పదును రాదు, గుర్రం దొరకదు, సంచి నింపుకోడం తప్ప అని. అక్క తల తిప్పకుండానే జవాబు చెప్పింది.

"పనికొచ్చేవే ఉంచుకోవాలంటే నిన్నెప్పుడో బయట పెట్టేదాన్నిరా."

కొన్ని వారాలకి అక్క కుడి అరచెయ్యి చూపించి, తెలుస్తోందే, సన్నగా చీమలు పాకినట్టు తెలుస్తోంది అని కూతురితో చెప్పింది. కూతురు ఏడ్చినంత పని చేసింది. పెట్టె సర్దుకుంది. బస్సెక్కేముందు నన్ను పక్కకి పిలిచి, పైపుమామా, అమ్మకి ఏదన్నా అయితే నాకు దాచకుండా చెప్పేది నువ్వొక్కడివే, గుర్తుపెట్టుకో అంది. అలాగే అన్నాను. అనకుండా ఉండాల్సింది.

అది వెళ్ళాక అక్క ఇంకో కబురు చెప్పింది. బ్రెడ్ షాపాయన ఏప్రన్లు కుట్టమన్నాడట, సోమవారం నుంచి మిషను ఎక్కుతుందట. నాకూ సంతోషమే. అక్క మిషను చప్పుడు లేని ఇల్లు నీళ్ళు రాని ట్యాంకులా ఉంది.

ఆదివారం మధ్యాహ్నం అక్క స్నానానికి వెళ్ళింది. మేనకోడలు ఫోన్ చేసి, మొదటి లోయలోనే బోలెడన్ని బుడంకాయలుంటాయి, అమ్మ చెప్పిన లెక్క చూస్తే సంచి ఇంకా సగం కూడా నిండలేదేంటి మామా అని నవ్వింది. అది ఫోన్ పెట్టేశాక సంగతేంటో చూద్దామని టీవీలో ఆ లోకం పటం తెరిచాను. నడిచిన దారి తెల్లగీతలా పడుతుంది, దొరికిన బుడంకాయలు పసుపు చుక్కలు. వచ్చిన దారినే వెనక్కెళ్ళడం అక్కకి చిన్నప్పటినుంచీ చిరాకు, అందుకని గీత ముందుకే పోతుంది. చుక్కలన్నీ గీతకి ఎడమపక్కనే ఉన్నాయి. కుడిపక్క ఒక్కటంటే ఒక్కటి లేదు.

వీధిలో ఒక వరసకి నీళ్ళొచ్చి ఎదురు వరసకి రాకపోతే నాలాంటివాడు ఏమనుకుంటాడు? అటు వాల్వు పోయిందనుకుంటాడు. రిమోటు కుడి పిడిలో వణికే సామాను చెడిందని తేల్చేశాను. స్క్రూడ్రైవర్ తెచ్చి విప్పాను. ఓ స్ప్రింగు ఎగిరి సోఫా కిందికి పోయింది. బొక్కబోర్లా పడుకుని, దాన్ని తయారుచేసినవాణ్ణీ వాడి వంశాన్నీ తలుచుకుంటూ వెతికి తెచ్చాను. లోపల ఎడమా కుడీ రెండు బుల్లి మోటార్లు, రెండూ బాగానే ఉన్నాయి. కుడివైపు తీగని కాస్త అదిమి, ఊది, మళ్ళీ బిగించాను. పట్టుకుని, కత్తి పిల్లని అక్క నడిచిన దారిలోనే నడిపించాను. ఒక పాడుబావి దగ్గర నా కుడి అరచెయ్యి గుయ్యిమంది. వెధవ మోటారు, నా చెయ్యి పడితే మాటవినక చస్తుందా అనుకున్నాను.

అక్క తల తుడుచుకుంటూ వచ్చింది. కత్తి పిల్లని బావికి కాస్త దూరంలో, బావి కుడిపక్కన ఉండేలా నిలబెట్టి, రిమోటు ఆమె చేతిలో పెట్టి, బాగుచేసిన సంగతి చెప్పకుండా, ఇక్కడేమన్నా ఉందేమో చూడు అన్నాను. గర్వంగా చూస్తున్నాను, మెచ్చుకుంటుందని.

అక్క రెండు చేతులా పట్టుకుంది. కాసేపు ఆగింది.

"ఏం లేదురా ఇక్కడ," అని తిన్నగా ముందుకి నడిచిపోయింది.

నేను చెయ్యి చాచి రిమోటు అంచుని తాకాను. అది ఆమె కుడిచేతిలో వణుకుతూనే ఉంది. ఆమె కూనిరాగం తీస్తోంది.

రేపు సోమవారం.

నీకు స్పర్శ రాలేదు అని ఆమె మొహం మీద ఎలా అనను? మేనకోడలికి చెప్తే చదువు వదిలేసి మొదటి బస్సుకి దిగుతుంది. చెప్పకపోతే అక్క రేపు ఆ వేళ్ళు తీసుకెళ్ళి సూది కింద పెడుతుంది. చివరికి వీధిగదిలోకి వెళ్ళి, మిషను మోటారు బెల్టు ఊడదీసి నా సంచిలో కుక్కాను. బెల్టు అరిగిపోయింది, కొత్తది తేవాలి, ఆ సైజు షాపులో లేదు అన్నాను. అక్క నన్నోసారి ఎగాదిగా చూసి, దొరికినప్పుడే తేరా అంది.

ఆ సాయంత్రం నుంచి కుర్చీ గుమ్మం దగ్గర వెయ్యడం మానేసి, సోఫాలో ఆమె కుడిపక్కన కూర్చున్నాను. రిమోటు పట్టుకోడం నీకు బరువు, ఆ పక్క నేను పడతానని కుడి పిడి అందుకున్నాను. ఎగతాళి చేస్తుందనుకున్నాను. చెయ్యలేదు. జరిగి చోటిచ్చింది.

అలా ఒకే రిమోటుని ఇద్దరం పట్టుకుని నడిపాం. ఎడమ బొటనవేలు ఆమెది, కుడిది నాది. మొదట్లో కత్తి పిల్ల తాగినదానిలా తూలి వాగులో పడింది. నడవడమొస్తే కదరా తోడు రావడానికి అని అక్క, తోలడమొస్తే కదా నడవడానికి అని నేను. చేతిలో వణుకు పుట్టగానే నేను కుడికి అనేవాణ్ణి, ఆమె తిప్పేది. పాడుబావిలోది దొరికింది. చెట్టుతొర్రలోది దొరికింది. గాలిమర రెక్కకి తలకిందులుగా వేలాడుతున్నది దొరికినప్పుడు నేనే చప్పట్లు కొట్టాను. నా వయసువాడు చేసే పని కాదు. సంచి లావెక్కింది. బెల్టు దొరికిందా అని ఆమె రోజూ అడిగేది, లేదని నేను రోజూ చెప్పేవాణ్ణి.

ఓ సాయంత్రం పైపు కోస్తుండగా నా వేలు తెగింది. కట్టు కట్టుకుని కూర్చున్నాను. కుడి పిడి నువ్వే పట్టుకో, నా వేలు నొప్పి అని రిమోటు మొత్తం ఆమెకే ఇచ్చి, వణుకు తెలిసేలా చివర్న రెండు వేళ్ళు మాత్రం ఆనించాను. కొండవాలు మీద నడుస్తోంది. నా వేళ్ళకి వణుకు తగిలింది. చెబుదామనుకునేలోపే అక్క కుడికి తిప్పింది. ముళ్ళపొద కింద బుడంకాయ. ఇంకాస్త దూరం పోయాక మళ్ళీ తగిలింది. ఈసారి కావాలని నోరు మూసుకున్నాను. మళ్ళీ తిప్పింది.

లేచి నా సంచి తెచ్చి, అందులోంచి బెల్టు తీసి ఆమె ఒళ్ళో పెట్టాను. అరగలేదే, నేనే దాచాను, ఇంక భయం లేదు, రేపే బిగిస్తాను, పిల్లకి ఇప్పుడే ఫోన్ చేస్తాను అంటూ ఏదేదో వాగాను. అక్క ఆ బెల్టుని ఎడమచేత్తో తిప్పి తిప్పి చూసింది. అది నా సంచిలో ఉండడం మొదటిరోజే చూసిందట.

"ఫోన్ చెయ్యకు," అంది. "చేతికి స్పర్శ రాలేదురా. నీ మొహం చూసి తిప్పాను."

నాకు అర్థం కాలేదు.

"వణుకు తగలగానే నీ నోరు తెరుచుకుంటుంది, నోరు మూసుకున్నా కళ్ళు ఇంతవుతాయి. ఎక్కడో లీకు దొరికినవాడిలా. చిన్నప్పుడు దాగుడుమూతల్లోనూ అంతే, ఎవరెక్కడున్నారో నీ మొహం చూస్తే తెలిసిపోయేది."

కావాలంటే అక్క నన్ను ఇంకా కొన్నాళ్ళు సంబరపడనిచ్చి ఉండొచ్చు. కానీ నేను బెల్టు తెచ్చి ఒళ్ళో పెట్టాక ఆమెవల్ల కాలేదు.

మరి పిల్లకెందుకు అబద్ధం చెప్పావని అడిగాను. అది వెళ్ళాలి కదరా అంది. మరి ఆ వేళ్ళతో మిషనెక్కుతానని ఎందుకన్నావంటే టీవీకేసి తిరిగింది. కత్తి పిల్ల కొండమీద గాలికి జుట్టెగురుతూ మాకోసం ఎదురుచూస్తోంది.

"ఎక్కకపోతే నేనెవర్నిరా?" అంది అక్క.

నాకు మంచిమాటలు రావు. వచ్చుంటే నా పెళ్ళే నిలిచేది. లేచి వీధిగదిలోకి వెళ్ళి, దీపం వేసి, బెల్టు బిగించి, మిషను ముందు ఇంకో స్టూలు వేశాను. కుడిపక్కన.

ముందు అక్కచేతే మేనకోడలికి ఫోన్ చేయించాను. ఉన్నదున్నట్టు చెప్పింది. ఫోన్ నాకివ్వమందట. బయల్దేరనా మామా అని అడిగింది. వద్దు, కుడిపక్క నేనున్నాను, నువ్వొస్తే సోఫాలో చోటు చాలదు అన్నాను. ముక్కు ఎగబీలుస్తూనే, గాలిమర మీది బుడంకాయ దొరికిందా అని అడిగింది.

తర్వాత ఏప్రన్ గుడ్డ పరిచాం. ఎడమచెయ్యి ఆమెది, కుడిచెయ్యి నాది. ఆమె కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుంది, సూదికి దూరంగా. మడత లావైన చోట నా వేలికి తగలగానే అక్క పెడలు మీంచి కాలు తీసేస్తోంది. నేనేమీ చెప్పడం లేదు. నోరు మూసుకుని గుడ్డకేసి చూడరా అంటుంది, మళ్ళీ నా మొహమే చూస్తుంది.

మొదటి ఏప్రన్ కుట్లన్నీ పాము పాకినట్టొచ్చాయి. బ్రెడ్ షాపాయనకి ఇస్తే నవ్వుతాడన్నాను. ఇది ఆయనకెందుకిస్తాం అని అక్క దారం కొరికి, ఆ ఏప్రన్ తీసి నా మెళ్ళో వేసింది.