పారబోయని నీళ్ళు

మళ్ళీ గొంతు సవరించుకుంటున్నారు ఆయన, కాదు, వంటింట్లో కెటిల్ అది, నీళ్ళు తెర్లే ముందు అలాగే గరగరమంటుంది, తెలిసీ ప్రతిసారీ తల తిప్పుతాను, కిటికీ అవతల డ్రైవ్‌వే తడిసి నల్లగా ఉంది, మంచు అంతా కరిగిపోయింది, జనవరిలో అక్కడే కదా, కెటిల్ నింపి స్విచ్ నొక్కి, దమయంతీ, టీ ఆకు నేనొచ్చి వేస్తా, నువ్వు వెయ్యకు, అని పార పట్టుకుని మంచు తీయడానికి వెళ్ళిన మనిషి అక్కడే కూలిపోయారు, ఇక్కడ కెటిల్ తన పాటికి తాను టక్కున ఆగింది, ఆ నీళ్ళు ఎవరూ తాగలేదు.

పెరుగుకి తోడు మిగుల్చుకున్నట్టు ఆ నీళ్ళు మిగుల్చుకుంటూ వస్తున్నాను, ఒక కప్పు వంపుకుంటే ఒక కప్పు పోస్తాను, పూర్తిగా ఎప్పుడూ ఖాళీ చెయ్యను, ఈ దేశం వచ్చిన కొత్తలో పక్కింటావిడ ఇచ్చిన తోడు ఇన్నేళ్ళుగా నడుస్తోంది, నీళ్ళు మాత్రం నడవవా, పిచ్చి అంటారు, అననీ, కెటిల్ అడుగున సున్నం పొర కట్టింది, టీ మీద తెట్టు, రుచి చప్పగా, మరిగించిందే మరిగిస్తే నీళ్ళు చచ్చిపోతాయి అనేవారు రఘువీర్, టీకి కొత్తగా పట్టిన నీళ్ళుండాలట, కళపెళలాడుతుండగానే ఆకు మీద పొయ్యాలట, చల్లారనిస్తే రంగొస్తుంది గానీ ప్రాణం రాదట, కార్ల కంపెనీలో ఇంజనీరు గారికి ఇంట్లో టీ శాస్త్రం, వినలేక చెవులు మూసుకునేదాన్ని, ఇప్పుడు చెప్పమంటే చెప్పరేం, చెప్పండి, వింటాను.

ఇంతకీ స్విచ్ నేను నొక్కలేదే, ఎవరు నొక్కారు, వంటింటి గుమ్మంలోకి వెళ్తే వెనిగర్ వాసన, స్టవ్ పక్కన తన్వి, శనాదివారాలు నాతో ఉందామని కాలేజీ నుంచి వచ్చిన నా కూతురు, అమ్మా, కెటిల్ క్లీన్ చేశాను, లోపల చాలా గ్రోస్‌గా, అసహ్యంగా ఉంది, ఆ ఓల్డ్ వాటర్ సింక్‌లో పోసేశా, నీకు టీ చేస్తున్నా, డాడీ చేసినట్టు, అంటోంది, సింక్ కన్నంలోకి చెయ్యి పెట్టి తోడెయ్యాలనిపించింది, దాని మీద అరవాలనిపించింది, ఈలోగా తన్వి ఆకు మీద నీళ్ళు పోసింది, ఆకు విప్పుకుంది, పాలు కలిపింది, కప్పు నా చేతిలో పెట్టింది, తాగాను.

బాగుంది, అచ్చం ఆయన చేసినట్టే ఉంది, ఇంకో గుక్క తాగాను, ఇంకోటి కూడా తాగాలనిపించింది, కళ్ళనీళ్ళు ఆగడం లేదు, బాలేదా అమ్మా, అని కంగారుగా అడుగుతోంది తన్వి, ఎలా చెప్పను దీనికి, ఆ నీళ్ళలో ఆయన లేరని నాకెప్పుడూ తెలుసు, ఆయన లేకపోయినా టీ బాగుంటుందేమోనని, బాగుంటే నేను తాగేస్తానేమోనని, ఆ భయంతోనే ఇన్నాళ్ళూ చచ్చిన నీళ్ళు తాగాను.