అన్యుల వాహనములు

వైశాఖమాస మధ్యాహ్నమున ప్రచండమార్తాండ కిరణసంతప్తమై నిప్పులు చెరుగుచున్న వెల్లంపాడు పట్టణపు సంతవీథి యందు తాటాకు పందిళ్ల నీడల నొదిగిన బేరగాండ్రును చెరకురసపు బండ్ల చుట్టును మూగిన తృషార్తజనమును ఒండొంటి నొరసికొనుచు బూరలు మ్రోగించు మోటారు సైకిళ్లును గలిసి సలుపు కోలాహలమున కొక్క ప్రక్కగా, మూతపడిన పొగాకు గిడ్డంగి ముంగిట నొక విశాలమైన ఖాళీస్థలము కలదు. ఆ ముంగిట చెట్టునీడ యన్నది మచ్చునకైనను లేదు.

ఆ గిడ్డంగి కానుకొనియున్న గదిలో నీలాయతాక్షమ్మ యను ప్రౌఢవితంతువు ఒంటిగా కాపురముండెను. భర్త పొగాకు వర్తకుడు. ఆయనతోడనే వర్తకమును గతించెను. ఆమెకు సంతానము లేదు. తల్లిదండ్రుల కేకపుత్రిక యగుటచే అక్కచెల్లెండ్రును లేరు. ఉదయమున పొయ్యి రాజవేసినది మొదలు సాయంకాలము దీపము పెట్టువరకు ఆమెతో నొక్క మాటయైన నాడు మనుష్యుడు లేకుండెను. చెప్పుకొనుటకు సిగ్గుపడి ఆమె యెవరికిని చెప్పుకొనలేదు గాని, ఆ యింటి నిశ్శబ్దమునకు ఆమె భయపడుచుండెను.

ఇట్లుండగా నొకనాడు కోటిలింగమను వస్త్రదుకాణపు గుమాస్తా వీథిలో చోటు దొరకక తన బండిని తెచ్చి ఆ ముంగిట నిలిపి, అరుగుమీద కూర్చున్న ఆమెను జూచి "పిన్నీ, బండి జాగ్రత్త" యని పలికి తన దారిని తాను పోయెను. త్రోవన కనబడిన వారినెల్ల బాబాయి యనియు అత్త యనియు వరుసలు కలిపి పిలుచుట మనవారికి పుట్టుకతో వచ్చిన అలవాటు గదా! ఆ పిలుపును అతడు అంగడి దాటకమున్నే మరచియుండును. ఆమె మాత్రము ఆ దినమంతయు దానినే తలచుకొని తలచుకొని మురిసిపోయెను.

అతని జూచి మరికొందరును వచ్చిరి. ఆమె యెవరిని కాదనలేదు. ఎవరినుండియు కాసైనను పుచ్చుకొనలేదు. పిన్నీ యని నోరార పిలిచిన చాలును, ఆమెకు కడుపు నిండెడిది. ఎండకు కాగిన ఆసనములు వారిని చుఱ్ఱుమనిపించునని గోనెపట్టాలను నీట తడిపి బండి బండికిని కప్పుచుండెను. కోటిలింగము బండికి కప్పు పట్టాను అందరివాని కంటె నొకమారెక్కువగా తడిపెడిది. పక్షపాతమే! ఎవరికి లేదు?

అంతట పురపాలక సంఘమువారికి జ్ఞానోదయమైనది. సంతవీథిలో రద్దీ పెరుగుటకు ప్రైవేటు స్థలములనుండి బండ్లు రాకపోకలు చేయుటయే కారణమని సభ చేసి తేల్చి, తమతమ సొంత ముంగిళ్లలో నైనను యజమానులు పరుల బండ్లను నిలువనీయరాదని తీర్మానించిరి. వారి యుద్యోగి చిదంబరరావు స్వయముగా వచ్చి, "అన్యుల వాహనములు నిలుపరాదు" అని పెద్దయక్షరములతో వ్రాసిన పలకను నీలాయతాక్షమ్మ గోడకే కొట్టించెను. బండ్లవారు గుమిగూడి గొణుగుచుండ ఆతడు, మేమంత కఠినులము కామనియు, స్థలము గలవారికి కావలసినవారి బండ్లుండిన అభ్యంతరము లేదనియు సెలవిచ్చెను.

ఆ మాట చెవిని బడినతోడనే ఆమె ప్రాణము లేచివచ్చినట్లై అరుగు దిగెను.

"అయ్యా, వీరందరును నాకు కావలసినవారే" యనెను.

ఉద్యోగి నవ్వి, కావలసినవారనగా చుట్టములనియు, చుట్టరికము తేలనిచో ఒక్క బండియు నిలువరాదనియు చెప్పి, వీరిలో మీ చుట్టమెవరో చూపుడని యడిగెను. ఆమె క్షణమైనను తడుముకొనలేదు. గుంపులో నిలిచియున్న కోటిలింగముపై చేయి వేసి, "ఇతడు నా అక్క కొడుకు" అని పలికెను. అక్కయే లేని ఆమె నోట ఆ మాట అబద్ధమువలె రాలేదు. ప్రతిదినము పిన్నీ యని పిలుచువాడు అక్క కొడుకు గాక మరేమగునని ఆమె తలంపు.

"ఏమయ్యా, నిజమేనా?" యని చిదంబరరావు అతని నడిగెను.

కోటిలింగము దుష్టుడు కాడు. పదిమంది యెదుట అధికారి నిలదీయుటచే బెదరినవాడు. అతడామె చేతిక్రిందనుండి మెల్లగా ప్రక్కకు జరిగి, తల వంచుకొని, "లేదండి. ఈమె మాకేమియు కారు. ఊరక అట్లు పిలిచెదము" అనెను.

ఆమెకు తల కొట్టివేసినట్లయ్యెను. లోనికి పోయి తలుపు వేసికొనెను. సాయంకాలమునకు ముంగిలి ఖాళీ యయ్యెను. అటుపిమ్మట ఆమె అరుగుమీదికి వచ్చి కూర్చుండుటయు మానెను. కూర్చున్నచో ఆ పలక కంటబడును. అందలి 'అన్యులు' అను మాటను చదివినప్పుడెల్ల అది తన్నే యనుచున్నట్లు తోచి కుమిలిపోయెను.

తీర్మానమున కాయువు చాలలేదు. ముంగిళ్లనుండి తరుమబడిన బండ్లన్నియు వీథిపై బారులు తీరగా సంఘాధ్యక్షుని కారే సంతనడుమ చిక్కుకొని యొక పూట కదలలేదట! రోహిణికార్తె ఇంకను ముగియకమున్నే తీర్మానము రద్దయ్యెను. పలకను పెరికించుకొని పోయిరి. బండ్లు మరల వచ్చి ముంగిలి నిండెను. కోటిలింగమును వచ్చెను. బండి నిలిపి, గడపలో నిలిచిన ఆమెవంక నేరుగా చూడలేక, చేతులు జోడించి "అమ్మగారూ, బండి జాగ్రత్తండి" యనెను.

అమ్మగారూ! మునుపు లేని మర్యాద యది. అతని జూచి తక్కినవారును అట్లే పిలువసాగిరి. తప్పు చేసితిమను వెరపుచే వారు గౌరవించిరే గాని, ఒక్కరైనను మరల పిన్నీ యనలేదు. సభలో చేసిన తీర్మానమును సభలోనే రద్దు చేయవచ్చును. నలుగురిలో కాదన్న వరుసను రద్దు చేసి మరల కలుపు సభ యే పట్టణమునను లేదు.

ఆ మధ్యాహ్నమున ఆమె చాలసేపు గడపలోనే నిలిచియుండెను. పిదప లోనికి పోయి, మూలబడిన గోనెపట్టాను దులిపి, నీట ముంచి పిండి, తెచ్చి కోటిలింగము బండిపై కప్పెను. ఎండకది యారిపోగా మరియొకమారు తడిపి కప్పెను.

సాయంకాలము అతడు వచ్చునప్పటికి పట్టాను తీసి దాచి ఆమె తలుపు వేసికొనియుండెను. అతడు బండి యెక్కి కూర్చుండెను. ఆసనము చల్లగానే యుండెను.