నోటికి కట్టిన గుడ్డ

పొద్దున ఎనిమిదికి వచ్చినవాళ్లు, మూడు గదులు తిరిగి మళ్లీ వైద్యబోర్డు వసారాలోనే కూలబడ్డారు. సనియ్యా దగ్గుతూనే ఉంది. దగ్గుకీ దగ్గుకీ మధ్య చిక్కిన కాస్త ఊపిరినీ మాటలకే వాడేస్తోంది.

"ఏమే ఇబ్తిసామ్, చిక్కుడుగింజల రొట్టె తిన్న చేతులతో ఆ దొరల పుస్తకం ముట్టుకోకు. నా మొహానికి నూనె అంటగలదు!"

"గుడ్డలో చుట్టానక్కా."

ఇబ్తిసామ్ ఆ డెల్టా ఊళ్లో పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తుంది. రెండేళ్ల కిందట పత్తిమిల్లులోకి దూరి సనియ్యాను ఫొటో తీసింది. అందులో తలగుడ్డ కొసతో ముక్కూ నోరూ బిగించి కట్టుకుంది సనియ్యా. కనురెప్పల మీద కూడా దూది నుసే. రోజుకు పదకొండు గంటల పని, నూట ఇరవై పౌండ్ల కూలి. మిల్లువాళ్లు ఇరవై రెండేళ్లలో ముక్కుకు అడ్డం పెట్టుకోను ఒక్క మాస్కు ఇచ్చిన పాపాన పోలేదు. ఆ ఫొటోను ఐరోపాలో ఒక పెద్ద మ్యూజియం కొని, అరబ్బు స్త్రీలు తీసిన ఫొటోల ప్రదర్శనలో గోడకెక్కించింది. పుస్తకంలోనూ వేసింది.

ఇప్పుడు సనియ్యా ఊపిరితిత్తులు పాడైంది మిల్లు నుసి వల్లేనని బోర్డు తేల్చాలి. తేలిస్తే బతికినన్నాళ్లూ పింఛను వస్తుంది. తేల్చకపోతే ఆ దగ్గు ఆవిడ సొంత ఆస్తి. మా మిల్లులో నుసే లేదంటున్నాడు మిల్లు వకీలు. ఇంట్లో ప్రింటు తీసి ఇస్తే స్టూడియోలో వేషం కట్టించావంటారు, అదే మ్యూజియం పుస్తకమైతే నోరెత్తరు అనుకుంది ఇబ్తిసామ్. మనవాళ్లకు మన మాట మీద లేని నమ్మకం పరాయివాడి అచ్చు మీద ఉంటుందని ఆమెకు తెలుసు.

ఫొటో కింది రాత సంగతే ఆమె మనసులో మూలకు నెట్టేసింది. "పత్తి నుసి. పదకొండు గంటల పని. మాస్కు లేదు." అని ఆమె రాసి పంపితే, చూసేవాళ్లకు అంత వివరం బరువవుతుంది, ఫొటోనే మాట్లాడనిద్దాం అని మ్యూజియం ఆవిడ ఎంతో తియ్యగా జవాబిచ్చింది. ఇచ్చి, తనకు తోచింది తను రాసుకుంది. ఇబ్తిసామ్ రెండుసార్లు కాదని రాసింది. మూడోసారి, గోడ మీంచి ఫొటోనే దించేస్తారేమోనని భయపడి ఊరుకుంది.

లోపలికి పిలిచారు. డాక్టరు పుస్తకం తెరిచి ఫొటోను చాలాసేపు చూశాడు.

"కనురెప్పలు చూడండి డాక్టరుగారూ, అదంతా నుసి," అంది ఇబ్తిసామ్.

"బాగా తీశావమ్మా," అన్నాడు డాక్టరు.

వకీలు మెడ చాచి ఇంగ్లీషు రాతను అరబ్బీలో చదివాడు. "మౌనం. తన సమాజపు ఆచారం కప్పేసిన నోటితో ఒక స్త్రీ." చదివి నవ్వాడు. "ఆచారమట డాక్టరుగారూ! నుసి ఊసే లేదు."

"మౌనమా? నేనా?" సనియ్యాకు నవ్వాగలేదు. "మా ఆయన బతికుండి వింటే ఆ మ్యూజియానికి దండేసి వచ్చేవాడు!" నవ్వు దగ్గులోకి తిరిగింది. తేరుకున్నాక వకీలు వైపు తిరిగింది. "ఏం బాబూ, మనూళ్లో ఏ ఆడది నోరు కట్టుకు తిరుగుతోంది? మీ అమ్మ తిరుగుతోందా?"

"నాకు తెలీకనా అమ్మా? రాసింది నేను కాదుగా. అంత పెద్ద మ్యూజియం రాసింది."

డాక్టరు ఇబ్తిసామ్‌ను అడిగాడు. "ఫొటో నీది. నువ్వు ఒప్పుకోకుండా ఈ మాటలు అచ్చువేశారా?"

"ఆ రాతకు ఒప్పుకున్నట్టు సంతకం పెట్టాను," అంది ఇబ్తిసామ్. ఆ క్షణాన భూమి చీలితే బాగుండుననిపించింది ఆమెకు.

డాక్టరు చెప్పింది బోర్డు గుమస్తా రాసి వినిపించాడు: ఆచారరీత్యా ముఖం కప్పుకొనును, నుసి రుజువు కాలేదు. విన్నట్టు సంతకం పెట్టమని కాగితం సనియ్యా ముందుకు తోశాడు.

"పెట్టను."

"పెట్టకపోయినా చెల్లుతుందమ్మా."

"చెల్లితే చెల్లనీ. నా చేత్తో మాత్రం పెట్టను."

గుమస్తా కాగితాన్ని ఇబ్తిసామ్ వైపు తిప్పాడు. "పోనీ, ఆవిడ కాదన్నదని సాక్షిగా నువ్వు పెట్టు."

ఇబ్తిసామ్ కలం అందుకుంది. సనియ్యా ఆ చేతినే చూస్తోంది. ఇబ్తిసామ్ కలాన్ని మళ్లీ బల్ల మీద పెట్టేసింది.

గుమస్తాకు కోపం కూడా రాలేదు. వసారాలో టీ ఇస్తున్నవాణ్ణి కేకేశాడు. వాడు వచ్చి, గ్లాసుల పళ్లెం ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచేత్తో కలం తీసుకుని, "ఎక్కడ?" అని అడిగాడు.