తోళ్ల మండీ బావి

నారికురుపు భయంతోనే జీవమ్మ మొగుడికి పాషాణం తాగించింది. తెలిసి కాదు.

నందికొట్కూరు దాపున ఆ ఊరంతా తాగేది దిగుడుబావి నీళ్లే. మోకాలి లోతు దిగి ముంచుకోవాలి. ఎండలు ముదిరాయంటే కాలికి పొక్కు లేచి, అందులోంచి దారంలాంటి నారిపురుగు బయటికొచ్చేది. దాన్ని పుల్లకు చుట్టుకుంటూ మనిషి మంచాన పడేవాడు. జీవమ్మ మొగుడు శేషన్న ఏటా పడేవాడు. సేద్యానికి అదను ఎవరి కురుపు కోసమూ ఆగదు కదా!

జమాల్ బాషా తోళ్ల మండీలో చేదబావి ఉంది. అందులో పురుగన్నది లేదు. "మేమూ అవే తాగుతాండాం, తోడుకోమ్మా" అన్నాడు బాషా. తోళ్ల నీళ్లా అని ఊరు మూతి విరిచింది. జీవమ్మ లెక్కచేయలేదు. ఆ నీళ్లు మొగుడికే ఉంచి, తాను దిగుడుబావివే తాగింది.

తోళ్లకు పురుగు పట్టకుండా ముంచే పాషాణం తొట్టి ఆ బావి పక్కనే ఉండేది. తొట్టి కడిగిన నీళ్లు అక్కడే ఇంకేవి. పురుగును చంపే మందు దగ్గరుంటే నీళ్లు మరింత మంచివనే అందరూ అనుకున్నారు. శేషన్నకు కురుపు రాలేదు. అరచేతులు గట్టిపడితే సేద్యగాడి చేతులే కదా అన్నారు. ఒంటిమీద మచ్చలకు ఎండను తిట్టారు.

మండీ కూలీలు వాంతులై చచ్చిపోయాక శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చి నీళ్లు పరీక్షకు మద్రాసు పంపాడు. జవాబు రాగానే బావి మూయించాడు.

"పాషాణానికి ఒక హద్దుంటుందమ్మా. ఈ నీళ్లు ఆ హద్దు దాటాయి. ఇక దిగుడుబావివే తాగండి."

"ఆడ నారిపురుగు ఉండాది సామీ. దానికి హద్దెంత?"

"దానికి హద్దెందుకు? మడతబట్టతో వడగట్టుకుంటే చాలు, కురుపు రాదు."

"అంతేనా?"

"అంతే."

జీవమ్మకు ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. తలపాగా తీసి చేత పట్టుకుని బాషా ఒక పక్కన ఏడుస్తున్నాడు. ఎవరి ఏడుపో చూసినట్టు కాసేపు చూసింది. దిగుడుబావికి పోయి, కుండ మూతికి కొంగు మడిచి వేసి, నీళ్లు వడగట్టుకుని ఇంటికొచ్చింది.

శేషన్న పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు. దొర్లిన నిప్పుకణిక ఒకటి అతని మడమకు ఆనుకుని ఉంది. చర్మం కాలిన వాసన ఇల్లంతా కమ్మింది. జీవమ్మ పరుగున పోయి కణికను పుల్లతో పక్కకు నెట్టింది.

శేషన్న కాలి వైపు చూడనైనా లేదు. నవ్వాడు.

"యాలే అట్ల అదురుతాండావు? ఈ ఏడు గూడా కురుపు రాలా. కాల్లో నొప్పనేదే లేకుండా చేస్తివి. నీ పుణ్యమేనే."