ఎముక అతికిన తరువాత

పీతల ఫ్యాక్టరీలో పై అంతస్తు నుంచి కిందికి దిగే ఇనప మెట్లు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. ఆ ఏడాది పీతలు విపరీతంగా పడ్డాయి. లొరెట్టా కీఫ్ ఖాళీ ట్రేలు రెండు చేతులా పట్టుకుని గబగబా దిగుతుంటే రబ్బరు బూటు జారింది. సగం మెట్ల మీద నుంచి సిమెంటు నేల దాకా నడుం మీదే వచ్చి పడింది. పడ్డప్పుడు కేక పెట్టానో లేదో ఆమెకే గుర్తు లేదు. పెట్టినా పీతలు ఉడికే తొట్ల హోరులో ఎవరికీ వినపడి ఉండదు.

పట్నం ఆసుపత్రిలో వెన్నుపూస చిట్లిందన్నారు. నడుముకి పట్టీ వేసుకుని ఇంట్లో పడుకుంది. రేవులో నీళ్లు గడ్డకట్టే నాటికి ఎముక అతికింది. ఎక్స్‌రే ఫిల్ము చూసిన డాక్టరు, "చక్కగా అతికిందమ్మా, ఇక నీకేం లేదు," అన్నాడు. ఆ సంగతి ఆమె నడుముకి మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు. లేస్తే నొప్పి, కూర్చుంటే నొప్పి, తుమ్మితే ప్రాణం పోయినంత నొప్పి. ఇంకో డాక్టరు ఇంకో ఫిల్ము తీసి అదే మాట అన్నాడు. మాత్రలు వాడింది, మానేసింది, మళ్లీ వాడింది. అలా రెండు శీతాకాలాలు గడిచిపోయాయి.

మొగుడు లియాండర్ మంచివాడు. చేపల పడవ మీద పెరిగిన మనిషి, మాట తక్కువ. భార్యని స్ట్రెచర్ మీద మోసుకొస్తున్నప్పుడు ఆమె మొహం చూసినవాడు. ఆ రోజు నుంచి ఆమెని గాజు సామాను చూసుకున్నట్టు చూసుకుంటున్నాడు. పొయ్యిలోకి కట్టెలు తనే తెస్తాడు, బట్టలు తనే ఆరేస్తాడు, టీ కెటిల్ కూడా ఎత్తనివ్వడు. "నువ్వు కూర్చో, నే చూస్తాగా," అనేది ఆ ఇంట్లో రోజూ వినపడే మాట. ఆమె కూర్చునేది. కూర్చుని కూర్చుని కిటికీలోంచి రేవులోకి వచ్చే పడవలన్నీ చూసేది.

లియాండర్ చెల్లెలు డల్సీ అదే ఫ్యాక్టరీలో, అదే బల్ల దగ్గర పీతల కాళ్లు విరిచే పనిలో ఉండేది. వదినామరదళ్లిద్దరూ పక్కపక్కన నిలబడి ఊళ్లో వాళ్లందరి సంగతులూ అక్కడే తేల్చేవాళ్లు. లొరెట్టా పడ్డాక ఆ బల్ల దగ్గరికి ఇంకొకర్ని వేయలేదు. డల్సీయే ఇద్దరి పనీ చేసేది.

వసంతంలో డల్సీ కూతురి పెళ్లి జరిగింది. చర్చి పక్క హాల్లో అకార్డియన్ వాయించేవాడు మంచి హుషారులో ఉన్నాడు. లొరెట్టా గోడ పక్క కుర్చీలో కూర్చుని చేతులు తడుతోంది. పెళ్లికూతురే వచ్చి, "అత్తా, ఒక్క పాటకి," అని చెయ్యి పట్టుకుంది. ఎలా లేచిందో తెలీదు. పాట అయ్యేదాకా ఆడింది. పాత స్నేహితురాళ్లు చుట్టూ చేరి నవ్వుతుంటే నడుం ఉన్న సంగతే గుర్తు రాలేదు.

మర్నాడు మంచం దిగలేకపోయింది. వారమంతా అంతే. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం పనిలోంచి డల్సీ తిన్నగా వచ్చింది. ఒంటి మీద పీతల వాసన ఇంకా పోలేదు. తలుపు దగ్గరే నిలబడి అడిగింది.

"పడుకున్నావా వదినా?"

"లేవలేకపోతున్నానే."

"శనివారం లేచావుగా. బాగానే లేచావు. హాలంతా చూశారు."

లొరెట్టా దుప్పటి పైకి లాక్కుంది.

"నా చేతులు చూడు," అంది డల్సీ. వేళ్లు వాచి ఎర్రగా ఉన్నాయి. "నీ వంతు పని కూడా ఈ చేతులే చేస్తున్నాయి. అడిగినవాళ్లందరికీ మా వదినకి బాగాలేదు, బాగాలేదు అని చెప్పుకుంటూ తిరిగాను. ఇప్పుడు హ్యూబర్ట్ ఏమన్నాడో తెలుసా? మీ వదిన నాకంటే బాగా ఆడుతోందే అన్నాడు. అందరూ నవ్వారు. నేనేం చెప్పను?"

హ్యూబర్ట్ ఫ్యాక్టరీలో ఫోర్‌మన్.

"నేను నటిస్తున్నానంటావా?" అంది లొరెట్టా.

"నేనేం అనట్లేదు. నువ్వే చెప్పు," అని డల్సీ వెళ్లిపోయింది.

ఆ మాట లొరెట్టాకి నొప్పికంటే ఎక్కువ తగిలింది. కోపం రాలేదు, భయం వేసింది. నిజంగానే నాకు ఏం లేదేమో, అనుకుంది. పాట ఉన్నంతసేపూ నొప్పి ఎక్కడికి పోయింది? పోగలిగిన నొప్పి ఎప్పుడూ ఉన్నట్టు ఎందుకు చెప్తున్నాను? ఊరుకి అబద్ధం చెప్తున్నానా, నాకు నేనే చెప్పుకుంటున్నానా? మొగుణ్ని అడుగుదామంటే ఆయన టీ కప్పు పట్టుకుని, "నువ్వు పడుకో," అంటాడు. పడుకోవడం తప్ప ఎవరూ ఏ దారీ చూపించడం లేదు. రెండేళ్ల నుంచి పడుకునే ఉన్నాను, ఏం ఒరిగింది? అనుకుంది. నటనో నిజమో తేల్చుకుని తీరాలి. నిజమైతే అదేమిటో తెలుసుకోవాలి.

పక్క రేవులో ఉన్న చిన్న క్లినిక్‌కి ఉత్తరాన లాబ్రడార్ ప్రాంతం నుంచి ఒక ఫిజియోథెరపిస్టు వచ్చి చేరింది. పేరు మార్గో పెన్నీ. లియాండర్ ట్రక్కులో, దారిలో ప్రతి గుంతకీ పళ్లు బిగబట్టుకుంటూ లొరెట్టా అక్కడికి వెళ్లింది. గదిలోకి వెళ్లీ వెళ్లగానే అసలు సంగతే అడిగేసింది.

"అమ్మాయ్, నాకో సంగతి చెప్పు. నేను అబద్ధాలకోరునా?"

మార్గో నవ్వలేదు. ఫిల్ములు పక్కన పెట్టి, "ముందు మీరు చెప్పండమ్మా. నొప్పి రోజూ మొదట ఎప్పుడు వస్తుంది?" అంది.

"పొద్దున. ఫ్యాక్టరీ సైరన్ కూసేసరికి."

"లేచి నిలబడగానేనా?"

ఇంతవరకూ ఆ సంగతి ఎవరూ అడగలేదు, లొరెట్టా కూడా ఆలోచించలేదు. సైరన్ కూసేసరికి ఆమె ఇంకా మంచం మీదే ఉంటుంది. దుప్పటి కూడా తీయదు. అయినా నడుం బిగుసుకుపోతుంది.

"కదలకుండానే వస్తుంది," అంది మెల్లిగా. పెళ్లిలో ఆడిన సంగతీ, మర్నాడు మంచం దిగలేకపోయిన సంగతీ చెప్పింది.

మార్గో కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఆమె చెప్పింది ఇది. ఎముక విరిగినప్పుడు నొప్పి రావడం మేలు, అది మనిషిని కదలనివ్వకుండా కాపాడుతుంది. ఎముక అతికాక ఆ కాపలా అక్కరలేదు. కానీ కొందరి నరాలు ఆ పనికి బాగా అలవాటు పడిపోతాయి. ముందు పెద్ద దెబ్బకి అరిచినవి, తరువాత చిన్న కదలికకి అరుస్తాయి, ఆ తరువాత చప్పుడుకి, వాసనకి, భయానికి కూడా అరుస్తాయి. మనిషి ఎంత కదలకుండా కూర్చుంటే అవి అంత బలపడతాయి.

"మీ నొప్పి నూటికి నూరుపాళ్లు నిజం," అంది. "కానీ నొప్పి వచ్చిందంటే లోపల ఏదో విరుగుతోందని కాదు. ఆ రెండూ వేరు. పెళ్లిలో మీరు సంతోషంగా ఉన్నారు, నాలుగు పక్కలా మీవాళ్లున్నారు, అందుకని కాపలా కాస్త సడలింది. రెండేళ్లు కూర్చున్న ఒళ్లు ఒక్కసారిగా గెంతింది కాబట్టి మర్నాడు గగ్గోలు పెట్టింది. మొదటిదీ నిజమే, రెండోదీ నిజమే."

లొరెట్టా అంది, "మాకో కుక్క ఉండేది. ఒకసారి కోళ్లగూట్లో నక్క దూరింది. ఇక అప్పట్నుంచి ఆకు రాలినా మొరిగేది. కొడితే ఇంకా మొరిగేది."

"మరి ఎలా మాన్పించారు?"

"మాన్పించలేదు. మా ఆయన రోజూ దాన్ని వెంట తీసుకుని గూటి దగ్గరికి వెళ్లి కూర్చునేవాడు. కొన్నాళ్లకి తగ్గింది. పూర్తిగా పోలేదనుకో."

"మనం చెయ్యబోయేదీ అంతేనమ్మా," అంది మార్గో. "పూర్తిగా పోతుందని నేను మాటివ్వను. రోజూ కొంచెం కొంచెం. బాగున్న రోజు ఎక్కువ చెయ్యకూడదు, బాగాలేని రోజు మానెయ్యకూడదు. వినడానికి తేలికే, చెయ్యడమే కష్టం."

ఇంటికి రాగానే లియాండర్ కెటిల్ అందుకోబోయాడు. లొరెట్టా దాని పిడి పట్టుకుంది.

"వదులు."

"నీళ్లు నిండుగా ఉన్నాయే. బరువు."

"బరువని నాకూ తెలుసు. వదలవయ్యా."

"మళ్లీ ఏమైనా అయితే?"

"ఏం కాదు. నొప్పి పుడుతుంది, అంతే. నొప్పి పుడితే నేను విరిగిపోను. నాకిప్పుడే చెప్పారు, నీకు నేను చెప్తున్నా."

లియాండర్ పిడి వదిలాడు గాని, చెయ్యి మాత్రం గాల్లోనే ఉంచాడు. ఆమె కెటిల్ పొయ్యి మీద పెట్టింది. పెట్టేటప్పుడు నడుంలో కత్తి దిగినట్టయింది. మొహం చిట్లించుకుంది, కానీ కెటిల్ జారవిడవలేదు. ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి.

"ఆ స్ట్రెచర్ మీద నిన్ను చూసినప్పట్నుంచి..." అన్నాడు.

"తెలుసు," అంది లొరెట్టా. "టీ తాగుదాం రా."

మర్నాటి నుంచి నడక మొదలుపెట్టింది. మొదట పక్కింటి కంచె దాకా. తరువాత పోస్టాఫీసు దాకా. వాన కురిసినా, సముద్రం మీద నుంచి పొగమంచు కమ్మినా మానలేదు. దారిలో జనం చూసేవాళ్లు. "ఇవాళ డాన్సు లేదా లొరెట్టా?" అని ఒకడు గుమ్మంలోంచి అడిగాడు. "అకార్డియన్ నువ్వు వాయిస్తానంటే ఉంది," అనేసి ఆగకుండా సాగిపోయింది. ఒకరోజు ఎండ కాసింది, ఒళ్లు తేలిగ్గా ఉంది, మార్గో మాట మరిచి లైట్‌హౌస్ దాకా వెళ్లిపోయింది. దాని ఫలితం మూడు రోజులు మంచం. ఆ మూడు రోజులూ ఏడ్చింది, మార్గోని తిట్టుకుంది, తనని తనే తిట్టుకుంది. నాలుగో రోజు లేచి మళ్లీ పక్కింటి కంచె దాకానే వెళ్లి వచ్చింది.

ఆ వేసవి మధ్యలో డల్సీ ఇంటికి తనే వెళ్లింది. డల్సీ పిండి ముద్దలు పెనం మీద వేయించి చెరకు పాకం పోస్తోంది. వదినని చూసి కుర్చీ చూపించింది గాని, మొహం చూపించలేదు.

"నేను నటించట్లేదే," అంది లొరెట్టా. "ఆ మాట నిన్ను నమ్మించడానికి రాలేదు. ముందు నాకే నమ్మకం లేకపోయింది, ఇప్పుడు ఉంది. అది చెప్పిపోదామని వచ్చా."

తెలుసుకున్నదంతా చెప్పింది. డల్సీ వింటూ పెనం మీద ముద్దలు మాడనిచ్చింది.

"అంటే పాటప్పుడు నిజంగానే నొప్పి లేదా?"

"లేదు."

"మర్నాడు నిజంగానే ఉందా?"

"చచ్చేంత."

"ఇదేం రోగమే తల్లీ," అంది డల్సీ పొయ్యి ఆర్పుతూ. మాడిన ముద్దలు పక్కకి తీస్తూ, "అందరి ముందూ నవ్వులపాలయ్యానని నీ మీద పడ్డాను. చేతులు నొప్పెడుతుంటే మనిషి చెడ్డదైపోతుంది," అంది.

"నీ చేతులకి కూడా ఆ పిల్లని అడుగుదాం. రేపొకసారి నాతో ఫ్యాక్టరీకి రా. పనికి కాదు, మెట్లెక్కడానికి."

మర్నాడు షిఫ్టు దిగాక హ్యూబర్ట్ తాళాలు తీసి పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఫ్యాక్టరీ వాసన తగలగానే లొరెట్టా నడుం రాయిలా బిగిసింది. ఇంకా ఒక్క మెట్టు కూడా ఎక్కలేదు. ఇదేమిటో ఇప్పుడు తనకి తెలుసు. తెలిసినంత మాత్రాన నొప్పి తగ్గలేదు, దాని మాట వినక్కరలేదని మాత్రం అర్థమైంది. కమ్మీ పట్టుకుని ఎక్కింది. సగంలో చెమటలు పట్టి ఆగింది.

"దిగిపోదామా వదినా?" అంది కింది మెట్టు మీద నుంచి డల్సీ.

"ఆగు. ఊపిరి పీల్చుకోనీ."

హ్యూబర్ట్ టోపీ తీసి చేతిలో తిప్పుతూ, "ఈ మెట్లకి గరుకు పట్టీలు వేయించమని ఎప్పుడో రాశాను," అన్నాడు.

"రాశావు, వేయించలేదు," అంది లొరెట్టా పైనుంచి. "వేయించేదాకా నేను పనిలోకి రాను. వేయిస్తే వస్తా."

పై మెట్టు దాకా ఎక్కింది. అక్కడే కాసేపు కూర్చుంది, లేచి నిలబడింది. దిగడం ఎక్కడంకంటే కష్టమైంది. అయినా దిగింది. మర్నాడు మళ్లీ వచ్చింది.

తరువాతి సీజనుకి మెట్లకి పట్టీలు వచ్చాయి. లొరెట్టా ఒంటిపూట పనికి చేరింది, డల్సీ బల్ల పక్కనే తూకం దగ్గర, ఎత్తు స్టూలు వేసుకుని, కాసేపు కూర్చుని కాసేపు నిలబడి చేసే పని. నొప్పి పూర్తిగా పోలేదు. కొన్ని రోజులు దాని ఊసే ఉండదు, కొన్ని రోజులు మొహం చూడగానే డల్సీకి తెలిసిపోతుంది. అప్పుడు డల్సీ ఏమీ అడగదు. ట్రేలు తన వైపు లాక్కుంటుంది, అంతే.

ఆగస్టులో వదినామరదళ్లిద్దరూ కొండ వెనక బురదనేలల్లో నేలబారుగా కాసే చిన్న పసుపుపచ్చ పళ్లు ఏరడానికి వెళ్లారు. వంగి ఏరే పని. లొరెట్టా కాసేపు ఏరి, కాసేపు బండ మీద కూర్చుని, మళ్లీ వంగింది. బకెట్ సగమే నిండింది. సాయంత్రం తీసుకెళ్లడానికి వచ్చిన లియాండర్ ట్రక్కు ఎక్కుతుంటే నడుం బాగా సలిపింది.

"రేపు రాలేవులే," అన్నాడు లియాండర్.

"వస్తా," అంది లొరెట్టా. "ఇవాళ్టికంటే తక్కువ ఏరతా. పద."